మూడు క్యాన్లూ నావేనన్న మనిషి

అన్న పోయారని ఇక్కడే నాతో పనిచేసే కరీంనగర్ మిత్రుడు ఫోన్ చేసి చెప్పాడు. ఆసుపత్రి వర్క్‌షాపులో ఒక సిరంజి పంపు విప్పి ముందు పెట్టుకుని ఉన్నాను. "పొద్దుగాల్ల పోయిండట. డయాలసిస్‌కు తీస్కపోతుంటే తొవ్వల్నే," అన్నాడు. ఆ తర్వాత, "మనం పోలేం గదా," అన్నాడు. నిజమే, ఈ అరబ్బు దేశంలోని అభా నుంచి ప్రొద్దుటూరు వెళ్ళేసరికి అన్నీ అయిపోతాయి. అయినా, పక్క వీధిలో ఉన్నప్పుడే ఆయన దగ్గరికి వెళ్ళనివాళ్ళం మేము. పంపు బిగించి, పరీక్షించి, వార్డుకు పంపేశాను.

నేనింకా ఈ ఊళ్ళోనే ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఎవరి పేర్లూ రాయడం లేదు. మేము అన్న అని పిలిచే ఆయన మా ఆసుపత్రి ల్యాబులో సీనియర్ టెక్నీషియన్. స్టాఫ్ బిల్డింగులో మా ఎదురు ఫ్లాటు. నేను వచ్చిన కొత్తలో ఒక శుక్రవారం భోజనానికి పిలిచారు. ఉలవచారు తింటుంటే బాత్రూము వైపు నుంచి పులిసిన పిండి వాసన వచ్చింది. తల తిప్పాను. ఆయన దాచలేదు. "బీరు," అన్నారు. "అమ్మేదానికి కాదు. తాగేదానికి కూడా పెద్దగా కాదు."

ఈ దేశంలో అది ఎంత నేరమో ఆయనకు నాకంటే బాగా తెలుసు. మరెందుకని అడిగితే, ఒకసారి ఒక కూలీ కుర్రాడి రక్తం తన చేతుల మీదుగా వెళ్ళిందని చెప్పారు. మనవాడే, కడప వైపువాడు. దొంగతనంగా అమ్మే సారా తాగి రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు. "ఒంటరిగా ఉండేటోళ్ళు ఏదో ఒకటి తాగుతారబ్బీ. తాగేది ఏందో తెలుసుకోని తాగితే మేలు," అన్నారు. అప్పటికే నేను ఎవరి దగ్గరో ఒక సీసా కొనడానికి మాట్లాడుకుని ఉన్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. మరునాడు వద్దని చెప్పేశాను. నా కళ్ళు ఈ అక్షరాలు చూస్తున్నాయంటే ఆ మధ్యాహ్నం వల్లేనేమో.

అప్పటినుంచి శుక్రవారాలు మా ముగ్గురివీ. మూడోవాడు కరీంనగర్ మిత్రుడు, ఆసుపత్రి ఫార్మసీలో పని. అన్నం తిన్నాక అన్న అందరినీ ఒకే ప్రశ్న అడిగేవారు. "ఏం పెట్టినారబ్బీ ఈ వారం?" అతను అల్లంతో పెట్టానని చెప్పేవాడు. నేను ఖర్జూరంతో. ఆయన గోధుమలు నల్లగా వేయించి కాఫీ రంగు బీరు పెట్టేవారు. అభా చలికి పులియడం ఆలస్యమయ్యేది. నాకు తొందరెక్కువ, క్యాను ఊపి చూసేవాణ్ణి. "కదిలిచ్చొద్దు. దాని పని దాన్ని చేసుకోనీ," అనేవారు. క్యాను మీద ల్యాబులో రక్తం సీసాలకు అంటించినట్టే తేదీ రాసి చీటీ అంటించేవారు. టీ గ్లాసులో సగం పోసుకుని, ముందు వాసన చూసి, ఒక గుక్క తాగి, కిటికీ వైపు చూస్తూ ఆలోచించేవారు. నా మొదటి బీరుకు ఆయన ఇచ్చిన తీర్పు ఇది: "తాగొచ్చు. ఎవురికీ ఇయ్యొద్దు."

ఆ గ్లాసులో సగం కోసం కాదు మేము వెళ్ళేది. వారమంతా ఎవరో ఒకరికి యస్ సర్ అనే నోటితో, నేనిది చేశాను అని చెప్పుకోవడానికి ఒక చోటు ఉండేది. వినడానికి ఒక మనిషి ఉండేవారు.

తర్వాత మా ఆవిడా పాపా విజిట్ వీసా మీద వచ్చారు. పాపకు నాలుగేళ్ళు, ప్రతి మూతా తీసి చూసే వయసు. "నీది నా కాడ పెట్టు. బిడ్డ తిరిగే ఇంట్లో వద్దు," అన్నారు అన్న. అలా నా క్యాన్లు రెండు ఆయన బాత్రూములోకి చేరాయి. ఆయనది ఒకటి.

ఒకరోజు కింది ఫ్లాటులోకి నీళ్ళు కారుతున్నాయని మెయింటెనెన్స్ వాళ్ళు ఆయన ఫ్లాటు తాళం తీశారు, బాత్రూములో క్యాన్లు చూశారు. ఆయన డ్యూటీలో ఉన్నారు. మధ్యాహ్నం పోలీసులు ల్యాబుకే వచ్చారు. నేను వరండాలో ఉన్నాను. ఇద్దరి మధ్య తెల్లకోటుతోనే నడిచి వస్తూ నన్ను చూశారు. ఆగి, అందరికీ వినపడేట్టు ఇంగ్లీషులో, సెంట్రిఫ్యూజు మిషను బాగయిందా, రేపటికి కావాలి అన్నారు.

"అయిపోయింది సార్," అన్నాను. ఆయనను సార్ అని పిలవడం అదే మొదటిసారి.

పక్క వీధి పోలీసు స్టేషనులో, మూడు క్యాన్లూ నావేనని చెప్పారట. నేను ఇంటికి వెళ్ళి ఫోనులో మెసేజులు తుడిచేశాను. ఈస్టు పొట్లాలు టాయిలెట్లో పోసి నీళ్ళు వదిలాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "వెళ్ళి చెప్పేస్తారా?" అంది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కరీంనగర్ మిత్రుడు మాత్రం స్పష్టంగా చెప్పాడు. "పోయి ఏం జేస్తవ్ తమ్మీ? నిన్ను గూడ లోపలేస్తరు. మనకు పిల్లగాండ్లున్నరు." అన్నకూ కూతురుంది. ఆ మాట మా ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

నాలుగో రోజు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది, ఇక్కడి ల్యాండ్‌లైను. ఎవరో నాకు తెలుసు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ రాలేదు.

కొన్ని నెలలు జైల్లో ఉంచి, వేలిముద్రలు తీసుకుని ఆయనను ఇండియాకు పంపించేశారు. ఇక ఈ దేశంలో అడుగు పెట్టే వీల్లేదు. ఆయన సామాను సర్దే పని ఎదురింటివాణ్ణని నాకే అప్పజెప్పారు. రెండు స్వెటర్లు, కూతురి ఇంజనీరింగ్ కాలేజీ ఫొటో, చక్కెర చూసుకునే మీటరు, విప్పని చింతపండు పొట్లం. సూట్‌కేసు సగం కూడా నిండలేదు.

ప్రొద్దుటూరులో చిన్న ల్యాబులో చేరారు. మోపెడ్ మీద ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసుకొచ్చే పని. షుగరు ముదిరి కుడి పాదం తీసేశారు, ఆ వెనకే కిడ్నీలు. ఇవన్నీ ఆయనే ఫోను చేసి, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పారు. నేను ఒకసారి ధైర్యం చేశాను. "అన్నా, ఆ రోజు మీరు చేసిన ఫోను..."

"యా ఫోను?" అన్నారు. "నేనెవురికీ చెయ్యలేదే."

మందులు వేసుకుంటున్నారా అని అడిగాను.

ప్రతిసారీ చివర్లో, "ఏం పెట్టినావబ్బీ?" అని అడిగేవారు. ఏమీ లేదన్నా అనేవాణ్ణి. ఆ సంఘటన తర్వాత నేను మళ్ళీ ఈస్టు ముట్టలేదు. సరేలే అని పెట్టేసేవారు. డయాలసిస్ మొదలయ్యాక గొంతు బాగా తగ్గిపోయింది. ఒక రోజు ఆ గొంతు వినలేక, "ఖర్జూరంతో పెట్టానన్నా," అని అబద్ధం చెప్పాను.

ఒక్కసారిగా గొంతు లేచింది. "ఎన్ని దినాలైంది? చలి ఉండాదా? దుప్పటి కప్పినావా?"

అక్కడినుంచి వారం వారం లేని బీరు గురించి చెప్పాను. నురుగు వచ్చిందన్నాను, తగ్గిందన్నాను. అడుగున తెల్లగా పేరుకుందన్నాను. ఆయన సూది గుచ్చిన చేతిని కదపకుండా, ఫోను కూతురి చేత పట్టించుకుని వినేవారు. ఇంకో వారం ఆగమనేవారు. నిజం చెప్పాల్సిన మనిషికి నేను ఇవ్వగలిగింది ఇంతే అయింది. ఇప్పుడిది రాసినా ఆయనకు ఒరిగేదేమీ లేదు. పోయిన పాదం రాదు, మోపెడ్ మీద తిరిగిన ఎండ వెనక్కి పోదు.

చివరిసారి వీడియో కాల్ చేశారు. "చూపియ్యబ్బీ. రంగు చూస్తా," అన్నారు. చూపడానికి ఇంట్లో ఏముంది? నెట్ బాగా లేదంటూ ఫోను కిటికీ వైపు తిప్పాను. బయట కొండల మీదనుంచి మంచు దిగుతోంది. ఎదుటి మిద్దెలు, నీళ్ళ ట్యాంకులు, దూరంగా మసీదు మినారు ఒక్కొక్కటే మాసిపోతున్నాయి. తెర అంతా తెల్లబడింది. తెర మూలన గోరంత చదరంలో ఆయన ముఖం, దిండుకు ఆనుకుని, కళ్ళు చిట్లించుకుని ఆ తెలుపులోకి చూస్తూనే ఉంది.