ఎద్దులు కట్టిన గూడ్సు డబ్బా

రైలు కూత వినబడితే చేతిలో పని వదిలేసి చూసే కాలం అది. గద్వాలలో గూడ్సు బండి వచ్చిందంటే మా ఆముదాల దుకాణంలో తూకం ఆగిపోయేది. నేనక్కడ కొత్త గుమాస్తాను, నాకు తెలియనిది లోకంలో లేదనుకునే వయసు (ఆ జబ్బు చాలాకాలానికి గానీ తగ్గలేదు). అప్పుడే రాజోలిలో మా అవ్వ మంచం పట్టింది. బతుకంతా ఆముదాలు పండించిన మనిషి, రైలు చూడలేదు. "నా ఆముదాలు ఎక్కిపోయే డబ్బా ఒక్కసారి చూస్త బిడ్డా" అన్నది. ఆమెను కదిలించే స్థితి లేదు కనుక డబ్బానే ఆమె దగ్గరికి తీసుకుపోవాలనుకున్నాను.

స్టేషన్లో ఆగిన డబ్బాను జానలతో కొలిచాను. అక్కడ జానెడుంటే నేను చేసే బొమ్మలో వేలి వెడల్పు, అదీ నా లెక్క. కావలివాడు చూసి, "ఏంది గుమాస్తా సాబ్, డబ్బాకు అంగి కుట్టిస్తవా?" అన్నాడు. వేపచెక్కతో గోడలు, పక్కకు జరిగే తలుపు, రేకు కొక్కెం అన్నీ కుదిరాయి. ఇనుప గోడల మీద వరుసగా కనిపించే బుడిపెల కోసం సజ్జగింజలను తుమ్మబంకతో అంటించి మసి రుద్దాను. రాజోలిలో దాన్ని అరుగు మీద పెట్టి కాళ్లు కడుక్కుంటుండగా, ఒక పక్క బుడిపెలన్నీ కోడి తినేసింది.

అవ్వ డబ్బాను ఒళ్లో పెట్టుకుని, గుప్పెడు ఆముదపు గింజలు లోపల పోసి తలుపు మూసింది. తర్వాత ముందువైపు తడిమి ఆగింది.

"ఎద్దులేవిరా?"

"ఎద్దులుండవవ్వా, ఇంజిను గుంజుతది."

"ఎద్దులు లేక బండెట్ల పోతది? అయితే నా ఆముదాలు ఆడనే ఉన్నయా? ఇన్నేండ్లు నాకు ఉత్త మాటలే చెప్పిన్రా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిరి గురించి నేను చెప్పేకొద్దీ ఇంకా ఎక్కువయ్యాయి. మట్టెద్దుల అమావాస్యకు చేసి పూజించిన జోడు గూట్లో ఉంది. పుల్లతో కాడి చేసి, వాటిని డబ్బాకు కట్టాను (అంత కొలిచి చేసినదానికి! నా ప్రాణం ఉసూరుమంది). అవ్వ వాటి మూపురాలు నిమిరి నవ్వింది.

"గిప్పుడు పోతది."

ఆ ఏటి ఆముదాలు గద్వాలకు వచ్చేనాటికి అవ్వ లేదు. ఆమె బస్తాలను నేనే దగ్గరుండి డబ్బాలోకి ఎక్కించి, బండి కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను.

ఆ బొమ్మ డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. చూసినవాళ్లు, ఇంత బాగా చేసి ఈ ఎద్దులేమిటని నవ్వుతారు. ఇంజిను సంగతి వాళ్లకు బాగా తెలుసు, నాకూ తెలుసు. అయినా ఈ వయసులో రైలు గేటు దగ్గర గూడ్సు కోసం ఆగినప్పుడు, నా చూపు ఇంజిను దాటి ఇంకాస్త ముందుకు పోతుంది.