మూడు లీటర్ల క్యాన్

"రాజేష్ గారూ! రండి, బరువు చూడాలి!"

ఆ గొంతు నా పేరు పిలవాలని వారం రోజులుగా కోరుకున్న. కోరిక తీరింది, గంటకోసారి పిలుస్తనే ఉంది. కాకపోతే పొద్దున ఆరింటి నుంచి నాకు చుక్క నీళ్లు ఇవ్వలేదు. అదీ మే నెలలో!

అసలు సంగతి చెప్తా. నేను రెజిమెంటల్ బజార్‌లో ఒక కర్టెన్ల షాపులో పనిచేస్తా. బట్టల తాన్లు మోసి మోసి నడుం పట్టేసింది. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకుని పది రోజులు పొద్దున రెండు, సాయంత్రం రెండు మింగిన. నడుం తగ్గింది గానీ కాళ్లు ఉబ్బినయి. చెప్పులు పడ్తలేవు. మా అమ్మ నా మొహం చూసి, "ఏందిరా, గిట్ల పూరీ లెక్క పొంగినవ్?" అని బోయిగూడలో మా ఇంటి దగ్గరున్న నర్సింగ్‌హోమ్‌కు గుంజుకపోయింది.

డాక్టరమ్మ మాత్రల అట్ట చూసి తల పట్టుకుంది.

"చూడు బాబూ, మెదడు నుంచి ఒక హార్మోన్ వచ్చి కిడ్నీకి 'నీళ్లు ఆపు' అని చెప్తుంది. కిడ్నీలోనే ప్రోస్టాగ్లాండిన్ అని ఇంకోటి ఉంటుంది. అది 'చాల్లే, వదిలెయ్' అంటుంది. ఈ మాత్ర ఆ రెండోదాని నోరు మూసేసింది. ఇక ఆపమనేదే గానీ వదలమనేది లేదు. ఆ నీళ్లే కాళ్లలోకి దిగినయ్."

ఒకరు ఉండమంటరు, ఒకరు పొమ్మంటరు. నాకైతే కళ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇంత ప్రేమకథ నా నడుం పక్కనే నడుస్తుందని ఇన్నేండ్లు తెలవదు!

మాత్రలు బంద్ చేయించి, ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి తెమ్మన్నది. క్యాన్ ఇచ్చింది లాబ్‌లో స్వప్న. రాజమండ్రి వైపు అమ్మాయి, మాటలో అంత మర్యాద!

"ఒక్కసారి కూడా వదలకుండా పట్టాలండీ. మొన్న ఒకాయన మూడు లీటర్లు తెచ్చారు. ఎంత శ్రద్ధో!"

ఆ 'ఎంత శ్రద్ధో' నా గుండెలో కూర్చుంది.

తెల్లారి చూస్తే నా క్యాన్‌లో లీటర్ సుత లేదు. ఈ అడుగున ఉన్నదాన్ని పట్టుకుని ఆ పిల్ల ముందు ఎట్ల నిలబడాలె? పక్కనే నల్లా ఉంది. మూడు లీటర్ల గీత దాకా నింపిన. క్యాన్ పైన నా పేరు కూడా మంచిగ, ముత్యాల లెక్క రాసిన.

"అబ్బ, ఎంత నీట్‌గా తెచ్చారండీ!" అన్నది స్వప్న. ఆ రోజంతా షాపులో ఏ కర్టెన్ చూసినా పెండ్లి పందిరే.

మూడో రోజు ఫోన్. నా మూత్రం మరీ పల్చగ ఉందట. నీళ్లు ఆపే హార్మోనే పనిచేస్తలేదేమో, పొద్దంతా నీళ్లు బంద్ పెట్టి చూడాలన్నరు. అట్ల వచ్చి కూర్చున్న ఇక్కడ. పక్కన అమ్మ, "నా కొడుక్కి ఏమైందో" అని కొంగు నోట్లో పెట్టుకుంది. గంటగంటకు మూత్రం పట్టి స్వప్న చేతికి చిన్న డబ్బా ఇస్త. ఈసారి బాత్రూమ్‌లో నల్లా వైపు కన్నెత్తి సుత చూడలే.

పదకొండింటికి డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని బయటికొచ్చింది.

"ఇవాళ అన్నీ కరెక్టుగా చిక్కగా వస్తున్నయ్. హార్మోన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మరి ఆ రోజు?" అని స్వప్న వైపు తిరిగింది. "ఎవరి శాంపిల్ ఎవరిదాంట్లో కలిపావమ్మా?"

"లేదు మేడమ్, నేను..."

"పనిలో చేరి నెల కాలేదు. ఇట్లా అయితే రేపటి నుంచి రానక్కర్లేదు."

స్వప్న మొహం ఎర్రబడింది. హాల్లో పదిమంది కూర్చున్నరు, అందరూ ఆమె వైపే చూస్తున్నరు. నా కిడ్నీ పొద్దున నుంచి నిజం చెప్తనే ఉంది. అబద్ధం ఆడుతున్నది నేనొక్కడినే. లేచి నిలబడ్డ. నాలుక పిడచగట్టుకపోయింది.

"ఆమె తప్పేం లేదు మేడమ్," అన్న. హాలంతా వినబడేటట్టే వచ్చింది గొంతు. "నాది తక్కువొచ్చింది. సిగ్గయింది. ఆ క్యాన్‌లో రెండు లీటర్లు మా నల్లా నీళ్లు!"