ఎర్ర నీళ్లు కిందికి రాలేదు

ముందు పోయినవి చెబుతాను. బాల్కనీలో పద్దెనిమిది కుర్చీలు ఉబ్బి కుళ్లిపోయాయి. సీలింగు పలకలు పదకొండు ఊడిపడ్డాయి. గోడ స్పీకర్లు రెండు మూగబోయాయి. నడవలో పరిచిన కార్పెట్ మొత్తం పోయింది. ఒక ఆదివారం ఫస్ట్ షో మధ్యలో ఆపి జనానికి డబ్బులు వాపసు ఇచ్చారు. ఇది మేనేజర్ చెప్పిన లెక్క. ఇందులో ఒక్కటి కూడా నేను కాదనను. నేను కాదన్నది ఆయన చెప్పిన కారణాన్ని.

వరంగల్‌లో ఆ సినిమా హాలు నల్లాలు, పైపులు ఏళ్లుగా నేనే చూసేవాణ్ణి. చదివింది ఏడో తరగతి. ఏ పైపు ఎన్ని నీళ్లు లాగుతుందో బకెట్ పెట్టి కొలుచుకుంటూ నేర్చుకున్నాను. బాల్కనీ వెనక, దాని సీలింగు కంటే కాస్త ఎత్తులో, బాత్రూములు ఉంటాయి. వాటిని కడిగేది డోర్నకల్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక అక్క. బాల్కనీలో చుక్కలు పడటం మొదలైన నెల నుంచే మేనేజర్ ఆమె జీతంలో పదిహేను వందలు కోస్తూ వచ్చాడు.

"నల్లా బంద్ చెయ్యకుండ పోతాంది. ఆ నీళ్లే కిందికి దిగుతానయ్" అన్నాడు నాతో. "బాత్రూం తవ్వి కొత్త పైపులెయ్యి."

"తవ్వుడు తర్వాత సార్. ముందు ఎక్కడ్నుంచి కారుతాందో తెలవాలె గద."

"తెలుసుడేంది? పైన నీళ్లున్నయ్, కింద తడున్నది!"

కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగు వేసే మా బావ దగ్గర ఎర్ర రంగు తెచ్చాను. పై బాత్రూములకు తాళం వేయించి, నీళ్లు పోయే కంతలు మూసి, నేలంతా నీళ్లు నిలబెట్టి రంగు కలిపాను. ఫ్లష్ తొట్లలో కూడా పోశాను. సాయంత్రం హాలు నిండింది. ఇంటర్వెల్ దాటాక చుక్కలు మొదలయ్యాయి. అక్క వాటి కింద తెల్ల గుడ్డ పట్టింది. గుడ్డ తడిసింది గానీ ఎర్రబడలేదు.

"మరి ఇవెక్కడి నీళ్లు తమ్మీ?"

"ఎప్పుడు ఎక్కువ పడుతయక్కా?"

"జనం నిండితే. ఖాళీ షోకు చుక్క రాదు. ఆ పెద్ద హీరో సినిమా పడ్డ కాన్నుంచే ఈ లొల్లి. మొదటి రోజు పోరగాండ్లు చింపి ఎగరేసిన కాగితాలు నాలుగు బస్తాలు ఊడ్చిన. ఏసీ జాలీకి అతికినయి మాత్రం నాకు అందలె."

ఆ మాటతో నేను నిచ్చెన ఎక్కాను. జాలీ వెనక ఫిల్టర్ చిరిగి ఉంది. కాగితం ముక్కలన్నీ ఏసీ లోపలికి పోయి, చల్లటి గొట్టాల కింద ఉండే రేకు తొట్టిలో ముద్దకట్టాయి. జనం ఊపిరిలో తేమంతా ఆ గొట్టాల మీద నీళ్లై తొట్టిలోకి దిగుతుంది. బయటికి పోయే పైపు మూసుకుపోవడంతో అది పొంగి కుర్చీల మీద పడుతోంది. తీగ దూర్చి లాగితే పిడికెడు కాగితం ముద్ద వచ్చింది. దాని వెనకే నీళ్లు గడగడా పోయాయి. ఆ ఒక్క ఏసీ నుంచి హౌస్‌ఫుల్ షోకు ఐదు బకెట్లు పట్టాను. జనం పలచగా ఉన్న షోకు ఒక్కటే వచ్చింది. పైపు కాస్త లావుది వేసి, ఫిల్టర్ మార్చాను. మళ్లీ చుక్క పడలేదు.

మేనేజర్ అక్కను పిలిచి రెండు వేలు చేతిలో పెట్టాడు. "తీస్కో, ఖుషీగ ఇస్తాన."

"ఖుషీకి గాదు సార్, కోసిన దాంట్ల జమ అనుకొని తీస్కుంట" అంది అక్క. "నాలుగు నెలలు కోసిండ్రు."

"అంటే ఆరు వేలు సార్" అన్నాను.

"నువ్వు పైపులోడివా, యూనియన్ లీడర్‌వా?"

"కూడిక వచ్చినోణ్ణి."

మొన్న కింది బాత్రూములో లీకేజీ అని నాకు ఫోన్ చేశాడు. ముందు అక్క పైసలు ఇస్తేనే సంచిలోంచి పానా బయటికి తీస్తానన్నాను. ఊర్లో ఇంకో ప్లంబర్ లేడనుకున్నావా అన్నాడు. ఉన్నారు సార్, పిలుచుకోండి అన్నాను. పిలుచుకున్నాడు. నాకు ఆ హాలు పని పోయింది. అక్క ఇంకా అక్కడే చేస్తోంది, ప్రతి ఒకటో తారీఖున జీతం చేతికి రాగానే మిగతాది ఎప్పుడని అడుగుతోంది.

ఈ రోజుకి ఆమెకు రావాల్సింది నాలుగు వేలు.