మినుము చేల మీద నీడ

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా అబ్బాకి, అంటే నాన్నకి, విజయవాడ వన్ టౌన్‌లో ఫోటో స్టూడియో ఉండేది. ఫోటోలో తెల్లటి ఆకారం పడిందని ఎవరైనా భయపడుతూ వస్తే, అబ్బా నెగెటివ్‌ని వెలుతురుకి పట్టి చూసి, కెమెరా మూత సందులోంచి వెలుగు దూరిందని చెప్పి పంపించేవారు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. నాకు జరిగింది మాత్రం చెబుతాను.

నేను పెళ్ళి వీడియోలు తీసేదాన్ని. మా ముస్లిం పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు కూర్చునే వైపుకి మగ కెమెరామెన్‌ని రానివ్వరు కాబట్టి నాకు పనికి లోటుండేది కాదు. 2000 దాటిన కొత్తల్లో అరచేతిలో ఇమిడే డిజిటల్ హ్యాండీక్యామ్ ఒకటి కొన్నాం. ఇప్పుడు హెల్మెట్‌కి తగిలించుకునే యాక్షన్ కెమెరాల్లాంటివి అప్పటికి మేమెవరం చూడలేదు.

ఆ రోజుల్లో గన్నవరానికి విమానాలు అంతంతమాత్రంగా వచ్చేవి. చలికాలం చివర కొన్ని వారాలు ఆ ఖాళీ రన్‌వే మీద గ్లైడర్ నడపడం నేర్పేవారు. నేర్పేది వెంకటరత్నం గారు. కంకిపాడు వైపు రైతు కుటుంబం, ఎయిర్‌ఫోర్సులో చేసి రిటైరయిన మనిషి. ఒకరోజు మా స్టూడియోకి వచ్చి, నా ఎదురుగా కూర్చుని చెప్పారు.

"మా పిల్లలు దిగేటప్పుడు ఎత్తు అంచనా వెయ్యలేకపోతన్నారమ్మా. పోయినేడు ఒకతను కాలు విరగ్గొట్టుకున్నాడు. ముందు సీట్లోంచి నేల ఎలా కనపడుద్దో అలాగే తీసిపెడితే టీవీలో చూపించుకుంటా. నువ్వు భయపడవు కదా?"

భయపడనన్నాను. అబ్బా కూడా సరే అన్నారు. పర్మిషన్లన్నీ ఆయనే తెచ్చుకున్నారు.

గ్లైడర్‌కి ఇంజను ఉండదు. రన్‌వే చివర ఒక మోటారు పొడవాటి తీగని చుట్టుకుంటూ లాగితే గాలిపటంలా పైకి లేస్తుంది. తీగ వదిలేశాక ఇక గాలే దిక్కు. ఎండకి నేల బాగా వేడెక్కిన చోట గాలి పైకి లేస్తుంది. అది దొరికితే అందులో గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకి పోవచ్చు. దొరక్కపోతే దిగిపోవడమే. నేను ముందు సీట్లో, వెంకటరత్నం సార్ వెనక సీట్లో. గాజు మూత మూసేశాక ఆయన నాకు కనిపించేవారు కాదు, గొంతు మాత్రం వినిపించేది.

మొదటిసారి కెమెరాకి వైడ్ లెన్సు తగిలించి, ట్రైపాడ్ క్లాంపుతో బిగించి, సెట్టింగులన్నీ ఆటోమేటిక్‌లో పెట్టేశాను. పెళ్ళిళ్ళలో అలవాటు మరి. సాయంత్రం స్టూడియోలో వేసి చూస్తే ఒక్క ముక్క పనికొచ్చేలా లేదు. ఫోకస్ దూరాన ఉన్న నేలని వదిలేసి గాజు మూత మీది గీతల్ని పట్టుకుంటోంది. గ్లైడర్ ముక్కు పైకి లేచినప్పుడల్లా ఆకాశం వెలుగుకి నేల నల్లగా అయిపోతోంది. చెయ్యి ఒణికినా బొమ్మ ఒణక్కుండా చేసే స్టెడీ బటన్ వల్ల పొలాలు నీళ్ళలో తేలుతున్నట్టు ఊగుతున్నాయి. అన్నిటి మీదా నా చున్నీ ప్రతిబింబం.

ఇంకొకటి కూడా ఉంది. పైనున్నప్పుడు గ్లైడర్ నీడ పలచబడిపోయి కనిపించదు. కిందికి దిగేటప్పుడు పొలాల మీద తేలుతుంది. ఆ టేపులో దిగే ముందు రెండు నీడలున్నాయి. ఒకటి మాది. రెండోది దానికి కుడి పక్కన, కొంచెం ముందుగా వెళుతోంది. ఆ రోజు ఆకాశంలో మాది తప్ప వేరే గ్లైడర్ లేదు.

అబ్బా తేలిగ్గా తీసేశారు. "వైడ్ లెన్సు తగిలించావు కదా బేటీ. రెండు అద్దాల మధ్య వెలుగు తిరిగి డబుల్ అయ్యింది."

సబబుగానే అనిపించింది. రెండోసారి ఆ లెన్సు తీసేశాను. ఫోకస్‌ని దూరానికి తిప్పి అక్కడే ఆపేశాను. లెన్సులోకి వచ్చే వెలుగుని, అంటే ఎక్స్‌పోజర్‌ని, పచ్చటి చేను మీద కొలిచి లాక్ చేశాను. స్టెడీ బటన్ ఆపేశాను. ప్రతిబింబం పడకుండా ఎత్తు, వేగం చూపించే గడియారాల ముందు నల్లగుడ్డ పరిచి, అమ్మీ బురఖా అడిగి వేసుకున్నాను. సార్ చూసి నవ్వారు. "ఇంతకన్నా మంచి యూనిఫాం లేదమ్మా" అన్నారు.

ఈసారి బొమ్మ చక్కగా వచ్చింది. నీడలు మాత్రం మళ్ళీ రెండు వచ్చాయి.

అబ్బా ఆ ముక్క రెండుసార్లు వెనక్కి తిప్పి చూశారు. చివరికి, షట్టర్ నిదానంగా ఉంటే కదిలే వస్తువు చెదిరి రెండుగా కనిపించవచ్చు, దాని స్పీడు ఇంకా పెంచి చూడమన్నారు. సార్‌కీ చూపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "కెమెరా సంగతి మీకే తెలవాలి" అని ఊరుకున్నారు.

మూడోసారి షట్టర్ స్పీడు పెంచాను. మిగతావి కదిలించలేదు.

ఆ మధ్యాహ్నం గాలి బాగుంది. తీగ వదిలిన కాసేపటికే ఎత్తు దొరికింది. ఇంకా, ఇంకా పైకి పోయాం. అంత ఎత్తు నుంచి డెల్టాని నేనెప్పుడూ చూడలేదు. కాలువలు ఎవరో ఆరేసి మరిచిపోయిన వెండి జరీ పోగుల్లా ఉన్నాయి. ఉయ్యూరు వైపు చెరకు తోటలు ముదురు పచ్చగా, వాటి అవతల దూరపు మసకలో కృష్ణ ఒక తెల్లటి గీత. చప్పుడంటే గాజు మూత మీద గాలి రాసుకునే చప్పుడే, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు. నేనూ మెలకువలో ఉన్నానో లేదో తెలియని స్థితి. సార్ వాళ్ళ కంకిపాడు చూద్దామనుకున్నారో ఏమో, దక్షిణానికి వెళ్ళి, అక్కడి నుంచి సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తూర్పుకి తిరిగారు.

అక్కడ గాలి చచ్చిపోయింది.

ముందు నాకు తెలియలేదు. చెవులు దిబ్బడేశాయి. కింద తాటిచెట్ల తలలు విడివిడిగా కనిపించసాగాయి. వరి కోసిన మళ్ళలో మినుము చేలు, వాటి మధ్య ఎత్తు గట్లు, గట్ల మీదుగా కరెంటు తీగలు. వెనక నుంచి సార్ గొంతు మామూలుగానే వచ్చింది.

"బెల్టు బిగించుకోమ్మా. గన్నవరం అందదు. చేలో దిగాలి. గట్టు తగిలితే ముక్కే ముందు కొట్టుకుద్ది, కెమెరా తీసి కిందెట్టు."

ముక్కులో ఉన్నది నేను. చేతులు కెమెరా దాకా వెళ్ళలేదు. ఎదురుగా చేల మీద మా నీడ కనిపిస్తోంది. దాని కుడి పక్కన, కొంచెం ముందుగా, ఇంకొకటి. టీవీలో కాదు, కళ్ళతో చూశాను. మా నీడ అంచులు చెదిరి ఉంటే దాని అంచులు కత్తిరించినట్టున్నాయి, నేలని రాసుకుంటూ పోతున్నదాని నీడలా. చూస్తుండగానే అది ఒక రెక్క దించి కుడికి తిరిగిపోయింది.

"సార్, అది కుడికి తిరిగింది" అన్నాను.

ఏది అని ఆయన అడగలేదు. గ్లైడర్ కుడికి ఒరిగింది. అంతవరకూ రెక్క కింద దాగి ఉన్న రైస్ మిల్లు ఒకటి బయటపడింది. రేకుల కప్పు, సిమెంటు కళ్ళం నిండా ఆరబోసిన ధాన్యం, ఎండకి మెరుస్తూ. దాని మీదకి రాగానే కింద నుంచి ఎవరో అరచెయ్యి పెట్టి ఎత్తినట్టయింది. సార్ అక్కడే గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టారు. మిల్లు చిన్నదైంది, తాటిచెట్లు కలిసిపోయాయి. కిందికి చూశాను. నీడలు లేవు.

గన్నవరంలో దిగాక సార్ గాజు మూత తీశారు. తర్వాత, "వేడి కళ్ళం మీద గాలి లేస్తదని నాకు తెల్సు. అక్కడ మిల్లుందని తెలవదమ్మా" అన్నారు.

"మరి ఎందుకు తిప్పారు సార్?"

"నువ్వు చెప్పావుగా" అన్నారు.

ఆ సాయంత్రం ముగ్గురం స్టూడియోలో కూర్చుని టేపు వేశాం. అబ్బా స్టూడియో వీధి షట్టర్ దించేసి లోపల దీపాలార్పేశారు. నేను తీసినవాటిల్లో అంత స్పష్టమైన బొమ్మ ఇంకొకటి లేదు. ఫోకస్ కదల్లేదు, వెలుగు మారలేదు, గాజు మీద ఒక్క మరక లేదు. మినుము చేలు, గట్లు, తీగలు, అన్నీ ఉన్నాయి. బెల్టు బిగించుకోమన్న సార్ మాట వినిపించింది.

చేల మీద నీడ ఒక్కటే ఉంది.

అబ్బా ఊపిరి వదిలారు. "చూశావా, షట్టరే" అన్నారు. అంటుండగానే టీవీలో ఆ ఒక్క నీడ రెక్క దించింది. గ్లైడర్ ముక్కు తిన్నగా తూర్పుకే పోతోంది. ఎదురుగా ఉన్న గట్టు తెర మధ్యలోంచి కదల్లేదు. నీడ మాత్రం కుడికి తిరిగి తెర అంచు దాకా వెళ్ళింది. అప్పుడు నా గొంతు వినిపించింది, "సార్, అది కుడికి తిరిగింది" అని. ఆ తర్వాత గ్లైడర్ ఒరిగి, నీడ వెళ్ళిన వైపు వెళ్ళింది.

సార్ లేచి టీవీ దగ్గరికి వెళ్ళి, ఆ ముక్క మళ్ళీ వేయమన్నారు. తెర మీద వేలు పెట్టి, నీడ వెళ్ళినంత దూరం దానితో పాటే వేలు జరిపారు.

"ఇది మా పిల్లలకి చూపించొద్దమ్మా" అన్నారు. "నీడని చూసి ఎగరడం అలవాటవుద్ది."

దిగే భాగాలన్నీ కలిపి ఆయనకి క్యాసెట్ చేసిచ్చాను. అది చాలాకాలం పనికొచ్చిందని విన్నాను. మూడో టేపు నా దగ్గరే ఉంది. కెమెరా పని తెలిసినవాళ్ళు కొందరికి వేసి చూపించాను. అందరూ ముందు సెట్టింగుల గురించే అడిగారు. చెప్పాను. సెట్టింగు తప్పితే బొమ్మ మసకబారుతుంది, నల్లబడుతుంది, ఊగుతుంది, రెండుగా కూడా కనిపిస్తుంది. మనిషి కన్నా ముందు మనిషి నీడ దారి మార్చుకునే సెట్టింగు ఏ కెమెరాలో ఉందో వాళ్ళెవరూ చెప్పలేకపోయారు. నాకూ తెలియదు.