మామయ్య కారు కూత

నిన్న మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చానో లేదో, మా అపార్ట్‌మెంటు కింద ఎవరిదో కారు ఒకటే కూత మొదలుపెట్టింది. బాల్కనీలోంచి తొంగి చూస్తే వాచ్‌మన్ ఆ కారు పక్కనే కుర్చీ వేసుకుని ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు, కూరగాయల బండివాడు దాన్ని ఆనుకునే బెండకాయలు తూస్తున్నాడు, ఒక్కరంటే ఒక్కరు తల తిప్పలేదు. మా కోడలు టీవీ శబ్దం కాస్త పెంచి ఊరుకుంది. నాకు మాత్రం ఈ వయసులో కూడా ఆ కూత చెవిన పడితే రెండు చేతులూ జేబుల్లోంచి తీసి నలుగురికీ కనపడేట్టు పెట్టుకోవాలనిపిస్తుంది. మీలో ఎవరైనా అయినవాళ్ల ఇంట్లో అన్నం తిని, వాళ్ల బండే తోలి పెద్దయినవాళ్లుంటే, ఎందుకో మీకు విడమరచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను.

మా నాన్న పోయాక మా అమ్మ నన్ను తీసుకొచ్చి నరసరావుపేటలో తన అన్నగారింట్లో వదిలింది. మామయ్యకు చిలకలూరిపేట రోడ్డులో పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. చదువు నాకు అబ్బలేదు గానీ స్టీరింగు అబ్బింది, మీసాలు సరిగా రాకముందే మిల్లు ట్రాక్టరు తోలాను, తరవాత జీపు, ఆ తరవాత ఇంట్లో ఏ బండి ఉంటే ఆ బండి. ఇంటి తాళాలు, మిల్లు తాళాలు నా మొలకే వేలాడేవి. అత్తయ్య వంటింట్లో పీట వేసి, తన కూతురికి ఎంత నెయ్యో నాకూ అంతే వేసేది, అది మాత్రం ఎన్నటికీ కాదనను. మిల్లుకు వచ్చిన షావుకార్లు నన్ను డ్రైవరు అంటే మామయ్య అక్కడికక్కడే సరిదిద్దేవాడు, మా చెల్లెలి కొడుకు అనేవాడు. ఆ ఒక్క మాట మీద నేను చాలా ఏళ్లు బతికాను.

మామయ్యకు ఒక్కతే కూతురు. మేనరికం మాట ఎవరి నోటా రాలేదు, నాకూ ఆ ఆశ లేదు, ఇంజనీరింగు చదివిన గుంటూరు సంబంధం చేశారు. పెళ్లయ్యాక అల్లుడు మిల్లు లెక్కలు చూడటానికి ఇక్కడికే వచ్చేశాడు. వచ్చిన కొత్తలో నన్ను నోరారా అన్నయ్యా అనేవాడు. హైదరాబాదులో ఎవరో కాంట్రాక్టరు వాడి వదిలేసిన పెద్ద కారొకటి అతనే చూసి, బేరం చేసి తెప్పించాడు. కారు పాతదే, కాని కంపెనీ వాళ్లే బిగించిన అలారం ఉంది దానికి, మా వీధిలో అలాంటిది అదే మొదటిది. తెచ్చిన రోజు మామయ్య వరండాలో నిలబడి, వీధి పిల్లల చేత తలుపులు లాగించి, అది కుయ్యో మొర్రో అంటుంటే చిన్నపిల్లవాడిలా నవ్వాడు. రిమోటు పూజలో పెట్టి, బొట్టు పెట్టి నా చేతికిచ్చాడు.

అత్తయ్య ప్రతి శనివారం ఇంటి బండికి దిష్టి తగలకుండా నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు ఇనప తీగకు గుచ్చి కట్టించేది. ఇంత కారు పెట్టుకుని ముందు మిరపకాయలు వేలాడదీస్తే గుంటూరులో నవ్వుతారని అల్లుడికి నామోషీ. కట్టకపోతే ఆమెకు అన్నం సయించదు. చివరికి అత్తయ్యే మధ్యేమార్గం కనిపెట్టి, బానెట్ లోపల, ముందు వైపు తాళం పడే చోట కట్టమంది. దిష్టికి బానెట్ అడ్డమా అని ఆమె వాదన. ఆ పని నాదే, శనివారం పొద్దున్నే పాతది తీసి కొత్తది కట్టేవాణ్ణి.

కొన్నాళ్లకు అలారం తిక్క మొదలైంది. ఎవరూ ముట్టుకోకుండానే, తాళం వేసి పదడుగులు నడిచామో లేదో కూత. మాచర్ల మార్కెట్ యార్డులో మామయ్య పత్తి చేతిలోకి తీసుకుని పింజ చూస్తుండగా కూసింది, రైతులంతా పడీపడీ నవ్వారు. అది పోనీయండి. బెల్లంకొండలో ఒక పెద్దాయన పోతే పరామర్శకు వెళ్లాం, ఆడవాళ్లంతా శవం చుట్టూ ఏడుస్తున్నారు, బయట మా కారు వాళ్లకంటే పెద్ద గొంతు పెట్టింది. నేను పరుగెత్తి ఆపితే, ఆగినట్టే ఆగి మళ్లీ ఎత్తుకుంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ రోజు మామయ్య కండువా మొహం మీదికి లాక్కుని కారెక్కాడు.

నేను ఊరుకోలేదు. ఎలకలు వైర్లు కొరికాయేమోనని కారు కింద దూరి చూశాను, ఒక్కో తలుపు స్విచ్చీ విడివిడిగా నొక్కి చూశాను, బ్యాటరీ బలం తగ్గితే ఇలా అవుతుందని ఎవరో అంటే మామయ్యతో చెప్పి కొత్త బ్యాటరీ వేయించాను. రెండు రోజులు బాగుండేది, మళ్లీ మొదలు. మా పేటలో దాని సంగతి తెలిసినవాళ్లు లేరు, అలారం మొత్తం పీకేద్దామని ఒకాయన, వేలు పోసి కొన్నది పీకడమేందని మామయ్య. ఆఖరికి ఒక గురువారం గుంటూరులో పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్లాం, అల్లుడు కూడా వచ్చాడు. గేటు ముందే బానెట్ ఎత్తించి, వాళ్లు చూస్తే పరువు పోతుందని నిమ్మకాయ గుత్తిని తన చేత్తోనే పీకి కాలవలో పారేశాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

అక్కడి మెకానిక్కు ఏవో మీటలు నొక్కి, లోపల చిన్న ఎర్రలైటు ఎన్నిసార్లు మిణుకుతుందో లెక్కపెట్టి, ఈ అలారం కూసినప్పుడల్లా కారణం ఒక్కటేనని తేల్చాడు, బానెట్ ఎవరో తెరుస్తున్నారని. బానెట్ తెరిచి ఉందో మూసి ఉందో చెప్పే గుండీ లాంటి స్విచ్చు ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కి చూశాడు, ఆ రోజు అది నిక్షేపంలా పనిచేసింది. కారులో ఏ లోపమూ లేదన్నాడు. అల్లుడు నా వైపు చూశాడు. బానెట్ తెరిచేది మా ఇంట్లో నేనొక్కణ్ణే.

ఆ సాయంత్రం మిల్లు గదిలో మామా అల్లుళ్లు తలుపు దగ్గరగా వేసుకుని ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు గానీ, బయటికొచ్చిన మామయ్య నా మొహం చూడకుండా చెయ్యి చాచాడు.

"ఆ రిమోటు ఇటియ్యరా. తాళం గూడా. నువ్వు తోలేటప్పుడు అడిగి తీసుకో."

ఎందుకని అడగలేదు. శనివారం నాడు తెలిసింది. మామయ్య వరండాలోంచి రిమోటు నొక్కి, తాళం నా చేతిలో పడేసి పూజకు లోపలికి వెళ్లాడు. నేను బానెట్ ఎత్తాను. కొత్త బ్యాటరీ మీద ఎర్రగా నెయిల్ పాలిష్ చుక్క, హారన్ మీద ఒకటి, సైరన్ డబ్బా మీద ఒకటి. నా మరదలి గోళ్ల రంగు అది. మంచి సామాను తీసి అమ్ముకుని పాతవి పెడుతున్నాననుకున్నారు, ఆనవాలు పెట్టుకున్నారు. నేను మోసుకు తిరిగిన పిల్ల, తన సీసా తెచ్చి ఇచ్చింది.

అంతలో అత్తయ్య నిమ్మకాయ గుత్తి పట్టుకుని వచ్చింది. కట్టబోతుంటే ఆమే నా చెయ్యి పట్టుకుని ఆపింది. తాళం కిందే ఆ గుండీ స్విచ్చు, దాని చుట్టూ పచ్చగా చిలుం పట్టి ఉంది.

"ఏందిరా ఇది? నిమ్మకాయ పిండి కడగకుండా ఉంచితే నా రాగిచెంబుకు అచ్చం ఇట్టాగే పడుద్ది."

అప్పుడు వెలిగింది ఇద్దరికీ. తీగ గుచ్చిన పచ్చి నిమ్మకాయ, మా రోడ్ల కుదుపులకు రసం కారి ఆ స్విచ్చులోకి దిగుతోంది. తడిగా ఉన్నన్నాళ్లు బానెట్ తెరిచారని అది అబద్ధం చెబుతోంది, కాయ ఎండాక నోరు మూసుకుంటోంది. వర్క్‌షాపుకు వెళ్లిన రోజున కాయ ఎండిపోయి ఉంది, ఆ ఎండినది కూడా కాలవపాలైంది. నేను గరుకు కాగితంతో స్విచ్చు రుద్ది, పొడిగుడ్డతో తుడిచాను. అత్తయ్య గుత్తిని కొంగులో దాచుకుంది.

"మీ మామయ్యతో నేను చెబుతాలేరా, నువ్వేం మాట్టాడమాక. చానా ఎగతాళి చేస్తాడు అల్లుడు, నిదానంగా చెబుతా."

సరేనన్నాను. నా విషయంలో ఆమె ఎప్పుడూ మాట తప్పలేదు మరి. గుత్తి కట్టడం మానేశాం, ఆ తరవాత కారు ఒక్కసారి కూడా కూయలేదు. వారం గడిచింది, రెండో వారం గడిచింది. ఒక ఆదివారం అందరం వరసగా కూర్చుని భోంచేస్తున్నాం, మామయ్య అల్లుడి వైపు తిరిగి అన్నాడు.

"చూశావా, రిమోటు మన చేతికొచ్చినాక కిక్కురుమనలా."

కోపంగా అనలేదు, దిగులుగా అన్నాడు. అల్లుడు తల వంచి నవ్వుకున్నాడు. నేను అత్తయ్య వైపు చూశాను. ఆమె పెరుగు గిన్నె పట్టుకుని నా ఎదురుగానే నిలబడి ఉంది, పెదవులు కదిలాయి, ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను.

"ఇంకొంచెం పెరుగెయ్యనా అబ్బాయ్?" అంది.

నువ్వే చెప్పొచ్చుగా అని మీరంటారు. చెప్పాను. ఆ మర్నాడు మాచర్ల దారిలో, గురజాల దాటాక, ధైర్యం కూడగట్టుకుని నిమ్మకాయ సంగతి మొత్తం మామయ్యకు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలేరా, అయిపోయిందిగా. నేనేమన్నా అన్నానా నిన్ను? మీ అత్త నిమ్మకాయ మీదికి నెట్టమాక, తెలిస్తే బాధపడుద్ది."

చెయ్యని తప్పుకు నన్ను క్షమించాడు. తిట్టి ఉంటే ఎదురు తిరిగేవాణ్ణి, క్షమించినవాడికి ఏం జవాబు చెప్పను? పొమ్మంటే పోయేవాణ్ణి, పొమ్మనలేదు. అప్పటికే మంచాన పడ్డ మా అమ్మకు మందులు ఆ ఇంటి నుంచే రావాలి, ఇంకెక్కడికి పోను? మామయ్య పోయేదాకా ఆ కారు నేనే తోలాను, ప్రతిసారీ వరండా మెట్ల దగ్గర నిలబడి తాళం అడిగి తీసుకుని, దిగగానే తెచ్చి ఇచ్చాను. అల్లుడు అన్నయ్యా అనడం మానేశాడు, ఇంకో పిలుపూ వెతుక్కోలేదు. షావుకార్లు డ్రైవరు అంటే మామయ్య సరిదిద్దడం మానేశాడు. అత్తయ్య మాత్రం నా కంచంలో నెయ్యి పెంచింది.

మామయ్య పోయాక మిల్లు మూతపడింది, ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలు ఉంది. షెడ్డులో మట్టి కొట్టుకుపోయిన కారును పాత ఇనప సామానువాడికి అమ్ముతున్నారని కబురొస్తే చూడటానికి వెళ్లాను. ఇంజను లేదు, బ్యాటరీ లేదు, సైరన్ డబ్బా మీద ఆ ఎర్రచుక్క మాత్రం చెక్కుచెదరలేదు. బాగా వంగిపోయిన అత్తయ్య లోపలికి వెళ్లి, మామయ్య బీరువాలోంచి రిమోటు తెచ్చి నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"నీదేరా ఇది" అంది. అల్లుడు గుమ్మంలోనే ఉన్నాడు, అతను వినకుండా అంది.

ఆమె కూడా పోయింది. ఇప్పుడు మా పేటలో ఇంటికో కారు, ప్రతి కారుకూ అలారం, సందుకో కెమెరా, కూత వినపడితే టీవీ శబ్దం పెంచుకునే జనం. ఆ రోజుల్లో ఒక్క కూతకు వీధి వీధంతా బయటికొచ్చేది, ఇప్పుడెవరికీ ఎవరి గొడవా పట్టదని నా ఈడు వాళ్లు వాపోతుంటే విని ఊరుకుంటాను. ఆ వచ్చినవాళ్లు కారును చూడలేదు, దాని పక్కనున్న నన్ను చూశారు. అయినా మామయ్య పూజలో పెట్టి, బొట్టు పెట్టి రిమోటు నా చేతికిచ్చిన ఆ పొద్దు మళ్లీ వస్తే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది, సిగ్గు లేకుండా.

నిన్న కింద ఆ కారు దానంతటదే కూసి కూసి ఆగిపోయాక, నా బీరువా తెరిచి బట్టల అడుగునున్న రిమోటు బయటికి తీశాను. అది చచ్చిపోయి ఎన్నేళ్లయిందో. బాల్కనీలో నిలబడి, గుండీ మీద బొటనవేలు పెట్టి ఒకసారి నొక్కాను. నొక్కి, ఎవరన్నా చూశారేమోనని వెనక్కి తిరిగి చూశాను.