ఎదురింటి పెద్దమ్మ మగ్గం ఆపిన రోజు

మొన్న బుధవారం పొద్దున మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా నేత వీధిలో ఎవరైనా పోతే శవం లేచేదాకా మగ్గం ఆడించరు. ఎవరింట్లోనో అని బయటికొచ్చి చూస్తే ఎదురింటి అరుగు మీద జనం. డెబ్బై దాటిన మా ఎదురింటి పెద్దమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది. నాకు బంధువేమీ కాదు. అయినా ఆ మాట వినగానే దుఃఖం కన్నా ముందు భయం వేసింది, ఇక మా పాపను నేనొక్కదాన్నే చూసుకోవాలా అని.

భయం నాకు కొత్త కాదు. నాలుగేళ్ల కిందట, పాపకు మూడేళ్లప్పుడు, దాన్ని గడప దాటించేదాన్నే కాదు. పేరు పెట్టి పిలిస్తే పలికేది కాదు. నా మొహం చూసేది కాదు. కుక్కరు విజిల్ వేస్తే తల గోడకేసి కొట్టుకునేది. "మగ్గం మోతలో పుట్టిన పిల్ల, పిలిస్తే యాడ పలుకుతాది? మా పిల్లోల్లంతా ఇట్లే పెరిగినారు" అనేది మా అత్త. వీధిలో అందరూ అదే అనేవారు. కాదని లోపల తెలుస్తున్నా నేనూ ఆ మాటే పట్టుకుని వేలాడాను.

పెద్దమ్మ కటువు మనిషి. నేస్తూ నేస్తూనే వీధిన పోయేవాళ్లను నిలేసి మాట్లాడేది. అడక్కుండా మా వంటింట్లోకి వచ్చి, గిన్నె మూత తీసి ఏం వండానో చూసేది. ఒకరోజు అట్లాగే వచ్చి పాపను చంకనేసుకుని తన మగ్గం దగ్గరికి తీసుకుపోయింది. వెనకే పరిగెత్తాను. చుట్టుపక్కల మగ్గాలు కూడా ఆపించి, పాప వెనక నిలబడి మూడుసార్లు పేరు పెట్టి పిలిచింది. తిరగలేదు. తర్వాత నూలు చుట్టిన కండె ఒకటి నేల మీద దొర్లించింది. అంత చిన్న చప్పుడుకు పాప టక్కున తిరిగింది.

"చెవులు బాగుండాయి మ్మే. ఇంక తప్పు మగ్గం మీదికి నెట్టాకు. కడపకు తీస్కపోయి చూపిచ్చు."

"ఏదో ఒక పేరు పెడతారు పెద్దమ్మా. అది దీన్ని బతికినన్నాళ్లూ వదలదు" అన్నాను.

అప్పుడు చెప్పింది తన తమ్ముడి సంగతి. బయటికి పరిగెత్తుతాడని అతన్ని మగ్గం గుంజకు తాడేసి కట్టేవారట. ముప్పై ఏళ్లు అట్లాగే బతికి కన్నుమూశాడట. "పిచ్చోడన్నారు, గాలి సోకిందన్నారు. వాడు దేనికి బెదురుతాండాడో ఒక్కరూ అడగల్యా. నేనూ అడగల్యా. డాక్టరు పెట్టకపోతే ఊరు పెడతాది మ్మే పేరు."

ఆ తాడు నా కళ్లలోంచి పోలేదు. వారం తిరక్కముందే బస్సెక్కాం, పెద్దమ్మ కూడా వచ్చింది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల హారన్లకు పాప ఒకటే అరుపు. "ఏం పెంపకమమ్మా ఇది" అన్నాడు వెనక సీటాయన. పెద్దమ్మ తన కొంగు పాప తలకు చుట్టి, "నీ బిడ్డల్ని నువ్వు పెంచుకోప్పా" అంది.

కడపలో చెవుల పరీక్ష చేశారు, ఆటలాడించి చూశారు, నన్ను గంటసేపు ప్రశ్నలడిగారు. రెండు మూడుసార్లు తిరిగాక ఆటిజం అన్నారు. కానీ ఇందులో మీ పెంపకం తప్పేమీ లేదని కూడా చెప్పింది డాక్టరమ్మ. ఆ మాట అంతవరకూ నాకెవరూ చెప్పలేదు. పేరు తెలిశాక చేయాల్సినవి తెలిశాయి. కుక్కరు పెట్టేముందు పాపకు చెప్పడం, చెవులకు మూతలు పెట్టడం, మాట రాకపోతే బొమ్మ చూపించి అడగడం నేర్పడం. పాప బొమ్మ చూపించి నీళ్లడిగిన రోజు పెద్దమ్మ వీధంతా చాటుకుంది. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం చూపిస్తే బడిలో టీచరు గోల లేని మూలన చోటిచ్చింది. భయం పోయిందని చెప్పను. దీని రేపటిని తలుచుకుంటే ఇప్పటికీ భయమే. అప్పుడైతే దేనికి భయపడాలో కూడా తెలిసేది కాదు.

ఒక్కటి మాత్రం నాకు చేతకాలేదు. ఆ పేరు వీధిలో ఎవరికీ చెప్పలేదు. "దాపెట్టినన్ని దినాలు నువ్వు గూడా తాడేసి కట్టినట్లే" అని పెద్దమ్మ తిట్టేది.

బుధవారం మధ్యాహ్నం పాపను లోపల పెట్టి తాళమేసి ఎదురింటికి పోదామనుకున్నాను. తాళం చేతికి తీసుకున్నాను కూడా. వేయలేక వెంట తీసుకుపోయాను. తప్పెట్లు మొదలవగానే, చెవులకు మూతలున్నా, పాప నేల మీద పడి కేకలు పెట్టింది. జనమంతా తిరిగారు. "చావింట్లో ఏందమ్మా ఆ పిల్ల?" అన్నారెవరో.

"మా పాపకు ఆటిజం ఉండాదప్పా. ఈ మోత దానికి నొప్పి. రోంతసేపు ఆపండి" అన్నాను.

తప్పెట కొట్టే పెద్దాయన నన్నోసారి, పాపనోసారి చూసి చెయ్యి ఆపాడు. పక్కవాళ్లూ ఆపారు. కాసేపటికి పాప లేచింది. రాలిన బంతిపూలు ఒక్కొక్కటే ఏరి, పెద్దమ్మ మీద కప్పిన బట్ట అంచు వెంబడి పాదాల నుంచి తల దాకా వరసగా పెట్టుకుంటూ పోయింది. ఆ వరస పూర్తయ్యేదాకా ఎవరూ తప్పెట ముట్టలేదు.