అమ్మ నోట రాని పేరు

నా పేరు తుఫాను. ముద్దుపేరు కాదు, ఆధార్ కార్డు మీద ఉన్నదే అది. జంషెడ్‌పూర్‌లో ఈ పేరు వల్ల నాకు ఏనాడూ నష్టం జరగలేదు. హిందీవాళ్లకి తూఫాన్ అంటే మొనగాడు. గోల్‌మురి మైదానంలో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు ఆ పేరు పెట్టి అరిచేవాళ్లు, నేను అంత గొప్పగా ఆడకపోయినా. తర్వాత పనిలో చేరితే బరువైన పనులన్నీ నా నెత్తిన పడ్డాయి. “తూఫాన్ కో బులావ్” అనేవాడు ఫోర్‌మన్. పేరుకి తగ్గ మనిషిని కాదు మొర్రో అన్నా వినేవాడు కాదు.

ఆ పేరుతో నన్ను పిలవనిది మా అమ్మ ఒక్కతే. నాయినా అంటుంది, కోపం వస్తే గుంటడా అంటుంది. పెళ్లీడు కూతురున్నా నేనింకా గుంటణ్ణే. చిన్నప్పుడు ఒక్కసారి పేరు పెట్టి పిలవమని మారాం చేశాను కూడా. చెంప మీద ఒకటి పడింది గానీ పేరు మాత్రం రాలేదు.

కారణం నాన్న చెప్పాడు, ఒకే ఒక్కసారి, అన్నం తింటూ. అప్పట్లో ఆయన ఉద్యోగం ఇక్కడి రేకుల కార్ఖానాలో, అమ్మ ఉండేది శ్రీకాకుళం దగ్గర పుట్టింట్లో. నేను పుట్టిన రోజే పెద్ద గాలివాన వచ్చింది. నాకంటే ముందు పుట్టిన ఆడపిల్ల, నాకు అప్ప, అప్పుడప్పుడే మాటలు నేరుస్తున్న పిల్ల, ఆ నీళ్లలో కొట్టుకుపోయింది. బడి మేడ మీద తలదాచుకున్న జనం నన్ను తుఫాను పిల్లడన్నారు. బారసాల చేసే స్థితిలో ఎవరూ లేరు. అమ్మ నన్నెత్తుకుని మొదటిసారి గోల్‌మురికి వచ్చేసరికి ఆ పిలుపే పేరై కూర్చుంది. నాన్న బడిలో అదే రాయించాడు. ఇదంతా చెప్పి ఆయన పులుసన్నం తినడం పూర్తిచేశాడు. ఆ సంగతి మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మొన్న మా అమ్మాయికి పెళ్లి కుదిరింది. విజయనగరం సంబంధం. శుభలేఖ నమూనా ఫోన్‌లో పంపిస్తే, కాబోయే వియ్యంకుడు వెంటనే ఫోన్ చేశాడు.

“బావగోరూ, ఏటీ అనుకోకండి. శుభలేఖ మీద తుఫాను అని ఉంటే మావోళ్లు గొణుగుతన్నారు. ఏ దేవుడి పేరో ఏయించీండి.”

తుఫాను గారు పెళ్లికి రమ్మని పిలుస్తుంటే ఎవరు మాత్రం గొణగరు? ఆయన మీద నాకు కోపం రాలేదు. పైగా మనసులో ఒక ఆశ పుట్టింది. ఎలాగూ మార్చక తప్పదు కాబట్టి, అమ్మ నోరారా పిలవగల పేరొకటి పెట్టుకుంటే సరిపోతుంది కదా. సాక్చిలో ప్రెస్సువాణ్ణి ఆగమని చెప్పి, అగ్రికోలో మా క్వార్టర్‌కి వచ్చాను.

అమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. సంగతి చెప్పి, కొత్త పేరేదో నువ్వే పెట్టమన్నాను.

“మార్సకు” అంది.

“నువ్వొక్కసారైనా పిలవని పేరు ఉంటే ఎంత, పోతే ఎంత?” ఇన్నేళ్ల ఉక్రోషమంతా ఆ మాటలో వచ్చేసింది.

అమ్మ చేతిలో కాయ పక్కన పెట్టింది. “ఆ మాట నా నోటంట రాదు నాయినా. ఎంత సూసినా రాదు. గానీ ఈదిలో ఆడోళ్లు నన్నేటని పిలుత్తారు?”

“తూఫాన్ కీ మా.”

ఇక్కడి వీధుల్లో ఆడవాళ్లని సొంత పేరుతో ఎవరూ పిలవరు, ఫలానావాడి తల్లి అంటారు. కుళాయి దగ్గర, రేషన్ షాపులో, ఆసుపత్రి వరండాలో మా అమ్మ తూఫాన్ తల్లే. పిలిచిన ప్రతిసారీ ఆమె పలికింది. అది నాకెప్పుడూ తట్టలేదు.

“అలగ పిలిసినప్పుడల్లా మీ అప్ప గురుతొత్తాది. ఈ ఊర్లో దాన్ని సూసినోళ్లు ఎవులున్నారు? మీ నాన్న పోనాడు. ఫొటో నేదు, గౌను ముక్క నేదు. నీ పేరు కూడా తీసేత్తే, అది పుట్టనే నేదనుకోవాల.”

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అక్కడి నుంచే వియ్యంకుడికి ఫోన్ చేసి పేరు మారదని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. అలాగే ఉంచీండి బావగోరూ, అన్నాడాయన.

అమ్మ మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది. నేనూ పక్కన కూర్చుని కొన్ని ఒలిచాను. అప్ప పేరేంటని అడిగాను. చెప్పింది, మెల్లగా, పక్క గదిలో ఆడుకుంటున్న పిల్లని పిలిచినట్టు. అమ్మ తను కన్న బిడ్డని పేరు పెట్టి పిలవగా నేను వినడం అదే మొదలు.